కార్డులో ఒక్క పేరు

ఆర్.కె. పురం, కొత్త ఢిల్లీ
6 జూలై 2025

వదినగారికి ఛాయాదేవి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది, ఇప్పుడే చదువుతారు. ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని మా రఘురామ్ నవ్వుతున్నాడు. ఆ ఫోను మోగితే చాలు, స్పీకరు పెట్టి మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరో పక్క కూర్చుంటారు. వియ్యపురాళ్ళం, మనకంటూ నాలుగు మాటలు చాటుగా ఉండొద్దా?

సంగతేమిటంటే, మీ అమ్మాయి ఇంద్రజ తన ఆఫీసువాళ్ళిచ్చే ఆరోగ్య కార్డులో నా పేరు చేర్పిస్తానంటోంది. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం కదా, దాన్ని సి.జి.హెచ్.ఎస్. కార్డంటారు. రఘురామ్ గుర్‌గావ్ కంపెనీ ఇన్సూరెన్సులో తల్లులకి చోటు లేదు. నా ఫోటో, ఆధారు కాగితం అడిగింది. ముందు మంచి డాక్టరు దొరకాలి, ఆ తర్వాతే కాగితాలు అన్నాను. మీ అన్నయ్యగారిని ఆఖరున చూసిన డాక్టరు రిపోర్టులు చూశాడు, స్కానింగులు చూశాడు, ఆయన ముఖం మాత్రం చూడలేదు. రెండేళ్ళయినా నాకా మంట చల్లారలేదు. నా ముఖం చూసి మాట్లాడే డాక్టరు కావాలి నాకు.

అందుకని వేట మొదలుపెట్టాను. మా పక్కనున్న మునిర్కాలో 'ఫ్యామిలీ డాక్టర్' అని బోర్డున్న చోటల్లా మెట్లెక్కాను. కార్డు మాటెత్తితే ఒకటే జవాబు: "ఆంటీజీ, కార్డ్ నహీ చల్తా. క్యాష్ యా యూపీఐ." ఇంద్రజ అప్పుడు తాపీగా చెప్పింది, ఈ కార్డుకి ముందు గవర్నమెంటు డిస్పెన్సరీ డాక్టరే చూడాలట, అవసరమైతే ఆయనే పెద్ద ఆస్పత్రికి చీటీ రాస్తాడట. ఆ ముక్క మెట్లెక్కకముందు చెప్పొచ్చుగా? మీ పెంపకం!

సరే, డిస్పెన్సరీ డాక్టర్లనే పరీక్షిద్దామనుకున్నాను. నా పేరింకా కార్డులో లేదు, సహస్ర పేరుంది. మనవరాలికి దగ్గని చెప్పి తీసుకెళ్ళాను. మొదటి డాక్టరు కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే సిరప్ రాశాడు. బయటికొచ్చాక సహస్ర నడుం మీద చేతులు పెట్టుకుని, "నానమ్మా, ముఝే తో ఖాంసీ హై హీ నహీ!" అంది. లేని దగ్గుకి మందు రాసిన డాక్టరు నాకెందుకు? ఇంకో డిస్పెన్సరీ చూడాలి.

మీ క్యారేజీల వ్యాపారం ఎలా ఉంది? మోకాళ్ళు?

ఇట్లు
ఛాయాదేవి


నూజివీడు
15 జూలై 2025

వదినగారికి లలితకుమారి నమస్కారాలు.

ఉత్తరం చదువుతూ గట్టిగా నవ్వితే పక్కింటి శ్రీవల్లి గోడ మీంచి తొంగి చూసింది. దగ్గులేని పిల్లని డాక్టర్ల చుట్టూ తిప్పటం మీకే చెల్లింది. పాపం సహస్రకి ఒక చాక్లెట్టయినా కొనిపెట్టారా?

బడులు తెరిచారు కనుక క్యారేజీలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ నలుగురు టీచర్లే. కనకయ్య మాస్టారికి ఇంకా పప్పులో ఉప్పు చాలదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, మనిషిని కూడా బాగానే ఉన్నాను.

వదినగారూ, నా మాట విని ఆ కాగితాలు ఇచ్చేయండి. డాక్టరు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతాడు. కార్డు మాత్రం ఆలస్యం చెయ్యకండి, మీ బీపీ సంగతి మీకు తెలుసు.

ఒక చిన్న సాయం. మా శ్రీవల్లి కూర్చుని లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంటోంది. పొయ్యి దగ్గర నిలబడి ఉండగానే ఒక్కోసారి కాళ్ళు తేలిపోతాయట. ఇక్కడ అడిగితే నీరసం, టానిక్కు తాగమన్నారు. మీరెలాగూ డాక్టర్లని చూస్తున్నారు కదా, ఎవరినైనా ఓ మాట అడగండి. తొందరేం లేదు.

ఇట్లు
లలితకుమారి


ఆర్.కె. పురం, కొత్త ఢిల్లీ
30 జూలై 2025

వదినగారికి,

దొరికాడు! మూడో డిస్పెన్సరీలో దొరికాడు. పేరు డాక్టర్ మెహరోత్రా. తెల్ల మీసాలు, టేబుల్ మీద స్టీలు ఫ్లాస్కులో టీ. టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్నాం, లోపలికెళ్ళిన ప్రతివాళ్ళూ ఆలస్యంగానే బయటికొస్తున్నారు. మిగతావాళ్ళు విసుక్కుంటున్నారు కానీ నాకు ఆశ పుట్టింది.

సహస్ర గొంతులోకి లైటు వేసి చూసి, "ఖాంసీ కిస్‌కో హై?" అన్నాడు. ఈ పిల్ల ఠక్కున, "కిసీ కో నహీ" అంది. నేల చీలి నన్ను మింగితే బాగుండుననుకున్నాను. ఆయన కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి, కుర్చీ నా వైపు తిప్పి, "మరి జబ్బెవరికి, మాతాజీ?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా, మీ శ్రీవల్లి బాధలన్నీ నావేనని చెప్పేశాను. కళ్ళు చీకట్లు, కాళ్ళు తేలిపోవటం, అన్నీ. నా హిందీ సగం, సహస్ర హిందీ సగం.

ఆయన నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిమిషమంతా నాడి లెక్కపెట్టాడు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. "ఈ నాడి ఉన్న మనిషికి కాళ్ళు తేలవు. తేలుతున్నది ఎవరికో చెప్పండి" అన్నాడు. మా వదినగారి పక్కింటావిడకి అన్నాను. "నా దగ్గరికొచ్చే వాళ్ళందరి పక్కింట్లోనూ ఒక రోగి ఉంటాడు" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. చూడని మనిషికి మందు రాయడట. ఆవిడ నాడి నిమిషం పాటు లెక్కపెట్టించాలట. యాభైకి తక్కువుంటే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి పంపాలట.

కాబట్టి శ్రీవల్లిని కూర్చోబెట్టి, గడియారం ఎదురుగా పెట్టుకుని లెక్కపెట్టండి. నేను నా కాగితాలు తీసి ఉంచాను, ఇంద్రజకి ఇచ్చేస్తాను. చిన్నపిల్లలా సంతోషంగా ఉంది నాకు. సహస్రకి చాక్లెట్టు కొన్నాను, రెండు.

ఇట్లు
ఛాయాదేవి


నూజివీడు
8 ఆగస్టు 2025

వదినగారికి నమస్కారాలు.

మీ డాక్టరుగారి కబురు విని నా ప్రాణం కుదుటపడింది. కాగితాలు ఇచ్చేశారా? ఇచ్చినట్టు ఒక్క ముక్క రాయండి చాలు.

శ్రీవల్లి నాడి లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది వచ్చింది. రెండోసారి చూసినా అంతే. నాకు లెక్క సరిగా రాలేదేమో, గడియారం పాతది. పిల్ల హుషారుగానే తిరుగుతోంది. శ్రావణమాసం పనులయ్యాక వెళ్ళి చూపించుకుంటానంది. మీరు దీన్ని మనసులో పెట్టుకోకండి.

ఇవాళ వంకాయ కూర బాగా కుదిరింది. ఉత్తరం చిన్నదైంది, ఏమనుకోకండి. చెయ్యి కొంచెం అలిసింది.

ఇట్లు
లలితకుమారి


ఆర్.కె. పురం, కొత్త ఢిల్లీ
14 ఆగస్టు 2025

లలితకుమారిగారికి,

వదినగారూ అని పిలవబుద్ధి కావటం లేదు. ఇంద్రజ ఫోనులో నంబరు వెతికి నేనే శ్రీవల్లితో మాట్లాడాను. "నాకేమైందండీ ఆంటీ? దుక్కలా ఉన్నాను. పిన్నిగారే రెండుసార్లు పడిపోయారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు" అంది. పడిపోయింది మీరా? ముప్పై తొమ్మిది మీదా? మీ నాడి మీరే పట్టుకుని, వంకాయ కూర గురించి రాశారా నాకు?

ఫోనులో తిడితే మీరు "బాగానే ఉన్నానండీ" అంటారు, ఇక్కడ పిల్లలు నమ్ముతారు. అందుకే ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే శ్రీవల్లి భర్త మిమ్మల్ని ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయిస్తాడు, అది ఏర్పాటైపోయింది. కాదన్నారో, నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఉద్యోగం చేసే ఆడపిల్ల తన అమ్మానాన్నలనో అత్తమామలనో, ఏదో ఒక పక్షాన్నే కార్డులో చేర్చుకోవాలట. ఒకసారి రాశాక మార్చటానికి లేదట. ఇది మీకు తెలుసు, నాకు తెలియదు. అత్తగారి పేరే రాయమని మీరు ఇంద్రజకి చెప్పారట. నేనేమో డాక్టర్లకి వంకలు పెడుతూ, మీ చోటులో దర్జాగా కూర్చోబోయాను. సిగ్గుతో చచ్చిపోయాను వదినగారూ.

కానీ మీరు అనుకున్నట్టు కాలేదు. ఆఫీసులో కనుక్కుంటే, మీ అన్నయ్యగారి మీద నాకొచ్చే పింఛను వాళ్ళ హద్దు దాటిందట. నా పేరు కుదరదని చెప్పేశారు. మీ క్యారేజీల సంపాదన హద్దులోపలే ఉంది. అందుకని మీ పేరు రాయించాను. మీరు కూతురి దగ్గరుండాలి, అంతే షరతు. రఘురామ్ వచ్చే ఆదివారం వస్తున్నాడు మిమ్మల్ని తీసుకెళ్ళటానికి. వెంట నేనూ వస్తున్నాను. క్యారేజీలు నేను చూసుకుంటాను. అడ్డం చెప్పకండి.

ఛాయాదేవి


నూజివీడు
20 ఆగస్టు 2025

వదినగారికి,

తిట్టండి, పడతాను. ఈసీజీ తీశారు. గుండె కొట్టుకోవటం బాగా నెమ్మదించిందట, పెద్ద ఆస్పత్రికి వెళ్ళమన్నారు. ఇక్కడ ఇదివరకు రాష్ట్రప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డుండేది. ఇంద్రజకి ఉద్యోగం వచ్చిన ఏడు రేషన్ కార్డుతో పాటు అదీ పోయింది. తన ఉద్యోగం వల్ల పోయిందంటే పిల్ల బాధపడుతుందని ఎవరికీ చెప్పలేదు.

భయమేసింది వదినగారూ. పడిపోవటం కన్నా, పడి ఎవరికీ కనబడకుండా ఉండిపోవటం అంటే భయమేసింది. మీ పేరు కుదరదంటే నాకు బాధగానే ఉంది. కానీ మీరొస్తున్నారంటే ఏడుపొచ్చింది. ఇంక అడ్డం చెప్పను.

కనకయ్య మాస్టారి పప్పులో ఉప్పు చూసి వేయండి.

లలితకుమారి


నూజివీడు
18 సెప్టెంబర్ 2025

వదినగారికి ఛాయాదేవి రాయునది. రాస్తున్నది మీ ఇంట్లో మీ చెక్కబల్ల మీద.

మీకు పేస్‌మేకరు పెట్టారని, నడుస్తున్నారని రఘురామ్ చెప్పాడు. ఫోనులో మీ గొంతు విన్నాను కానీ, స్పీకరులో సహస్ర అరుపులు తప్ప నాకేమీ అర్థం కాలేదు. వివరంగా రాయండి. కార్డు వారంలో చేతికొచ్చింది, మెహరోత్రా చీటీ రాశాడు అనేదాకా నాకు తెలుసు. ఆ తర్వాతది కావాలి.

ఇక్కడి సంగతులు. మీ నలుగురు టీచర్లని మీరు చెడగొట్టారు. మొదటిరోజు కాకరకాయ పంపితే నాలుగు గిన్నెలూ అలాగే తిరిగొచ్చాయి. మర్నాడూ కాకరకాయే పంపాను. మూడోరోజుకి తిన్నారు. కనకయ్య మాస్టారు ఉప్పు చాలదని కబురంపితే నేనే బడికి వెళ్ళాను. ముఖం చూస్తే ఉబ్బి ఉంది. బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడిగాను. వెంటబెట్టుకుని ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళాను, నూట డెబ్భై ఉంది. ఇప్పుడు ఆయన పప్పులో ఉప్పు ఇంకా తగ్గించాను. నోరెత్తడం లేదు.

నన్నూ అక్కడే చూశారు. డాక్టరు చిన్నమ్మాయి, సాత్విక అని. ముఖం చూసే మాట్లాడింది. నా బీపీ మందు ఇక్కడే ఇస్తున్నారు. నా గురించి బెంగ పెట్టుకోకండి.

మీ ఇల్లు బాగుంది వదినగారూ. మధ్యాహ్నం క్యారేజీలు వెళ్ళాక శ్రీవల్లి వచ్చి కూర్చుంటుంది. ఇద్దరం టీ తాగుతూ మీ మీద చాడీలు చెప్పుకుంటున్నాం.

ఇట్లు
ఛాయాదేవి


ఆర్.కె. పురం, కొత్త ఢిల్లీ
3 అక్టోబర్ 2025

వదినగారికి,

ముందు మీరడిగిన వివరం. మెహరోత్రాగారి గదిలోకి వెళ్ళగానే సహస్ర, "యే హై ఓ పక్కింటి ఆంటీ" అని పరిచయం చేసింది. ఆయన లేచి నిలబడ్డారు వదినగారూ. "ఆయియే, బహుత్ ఇంతెజార్ కరాయా" అన్నారు, రండి, చాలా ఎదురుచూయించారు అని. నాడి పట్టుకున్నారు, అక్కడికక్కడే ఆస్పత్రికి చీటీ రాశారు. ఆ సాయంత్రమే చేర్చుకున్నారు. రెండు రోజుల్లో పెట్టేశారు. ఎడమ భుజం కింద అగ్గిపెట్టె కన్నా చిన్నది, తడిమితే తెలుస్తుంది. ఇప్పుడు మూడంతస్తులూ ఎక్కుతున్నాను. లోకం ఇంత వెలుతురుగా ఉంటుందని మర్చిపోయాను.

ఇక అసలు మాట. నిన్న ఇంద్రజతో, "పాపం మీ అత్తయ్యగారి అప్లికేషను పింఛను వల్ల తిప్పి పంపారటగా" అన్నాను. అది వింతగా చూసి, "ఎవరు తిప్పారమ్మా? అత్తయ్య అప్లికేషనే పెట్టలేదు. మీ అమ్మ పేరు రాయి, నా మాట ఎత్తకు అని కాగితాలు లాక్కుని బీరువాలో పెట్టేసుకున్నారు" అంది. అన్నయ్యగారు చేసింది చక్కెర ఫ్యాక్టరీలో. ఆ పింఛను ఏ హద్దు దాటుతుంది? నేనెలా నమ్మానో!

మీ పేరు ఆఫీసువాళ్ళే కాదంటే చేసేదేముంది అని నేను సర్దుకున్నాను. కాగితాలు లాక్కుని మరీ నాకిచ్చారని తెలిస్తే ఒప్పుకునేదాన్ని కాదు. మార్చటానికి కూడా లేదు ఇప్పుడు. రేపు మీకేదైనా అయితే నేనేం కావాలి? ఈ గుండె కొట్టుకున్నంతకాలం మీ చోటు తిన్నానని అనుకుంటూ ఉండాలా? నాకు చాలా కోపంగా ఉంది. ఇంత కోపం రావటానికి కూడా ఒంట్లో బలముండాలని ఇప్పుడు తెలుస్తోంది.

జవాబు రాయండి. హాస్యం ఆడకండి.

లలితకుమారి


నూజివీడు
11 అక్టోబర్ 2025

వదినగారికి,

హాస్యం ఆడను. అబద్ధమాడాను. నిజం చెప్తే మీరు రారు, మీరు రాకపోతే ఏమయ్యేదో మెహరోత్రా నాకు చెప్పాడు. ఆ మాట మీకెప్పుడూ చెప్పను.

కానీ మీరనుకున్నంత త్యాగమేమీ చెయ్యలేదు నేను. దీని వెనక ఇంకో అబద్ధముంది. అది విన్నాక మీ కోపం ఏమవుతుందో చూద్దాం. రఘురామ్ పెళ్ళిచూపులకి మీ ఇంటికొచ్చినప్పుడు, కాఫీ ఇస్తూ మీరు నా వయసడిగారు. యాభై ఎనిమిది అన్నాను. అప్పటికి నాకు అరవై రెండు. మీరు కుర్రదానిలా కనబడ్డారు, జడలో మల్లెపూలు పెట్టుకున్నారు, నాకు అసూయగా అనిపించి నాలుగేళ్ళు మింగేశాను. ఆ తర్వాత సరిదిద్దటానికి ముఖం చెల్లలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ నాలుగేళ్ళూ దాచుకుంటూ వస్తున్నాను. మీరు నాకు అరవై ఆరనుకుంటున్నారు. వచ్చేనెల నాలుగో తారీకుకి నాకు డెబ్భై నిండుతాయి.

డెబ్భై నిండితే, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అని చూడకుండా, కేంద్రంవాళ్ళు ఆస్పత్రి ఖర్చుకి ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. ఎవరి ఉద్యోగం మీదా ఆధారపడక్కర్లేదు, కొడుకుదీ కాదు, కోడలిదీ కాదు. డిస్పెన్సరీలో గోడ మీద అంటించిన కాగితం సహస్ర చదివి వినిపిస్తే తెలిసింది. లెక్క చూసుకున్నాను. నేను మూడు నెలలాగితే చాలు. మీకు అరవై ఒకటి, తొమ్మిదేళ్ళాగాలి. ముప్పై తొమ్మిది నాడితో తొమ్మిదేళ్ళా? ఇందులో నేను ఆలోచించాల్సిందేముంది?

మీ పేరు రాయమని చెప్పటం ఒక్క నిమిషం పట్టలేదు. ఈ వయసు సంగతి ఒప్పుకోవటానికే ఇన్ని నెలలు పట్టింది. ఇంద్రజకి చెప్పకండి. శ్రీవల్లికి అసలే చెప్పకండి.

ఇట్లు
ఛాయాదేవి


ఆర్.కె. పురం, కొత్త ఢిల్లీ
20 అక్టోబర్ 2025

అక్కయ్యకి,

నా కన్నా తొమ్మిదేళ్ళు పెద్దవారిని వదినగారూ అంటే నోరు రావటం లేదు. ఇకమీదట ఇలాగే పిలుస్తాను, మీరు కాదన్నా సరే.

కోపం పోయింది. ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, ఇంద్రజ కంగారుపడి నా భుజం తడిమి చూసింది. మీరు నన్ను కుర్రదాననుకున్న రోజున నేను పెట్టుకున్న పూలు ప్లాస్టిక్‌వి. మల్లెలు ఆరోజు బజార్లో దొరకలేదు.

ఇంద్రజకి చెప్పొద్దన్నారు. దానికి ఎప్పుడో తెలుసు, మీ ఆధారు కాగితం చూసినరోజే. మీరు దాచుకున్నారు కనుక తనూ దాచింది. అది ఇంకో మాట కూడా చెప్పింది, రాయకుండా ఉండలేను. కార్డులో పేరు చేర్చే ఫారం మీరు ఢిల్లీ రాకముందే తెచ్చుకుందట. అమ్మ పేరా అత్తయ్య పేరా తేలక, నెలరోజులు ఆఫీసు డ్రాయర్లో పెట్టుకుని, లంచ్ టైములో తీసి చూసి మళ్ళీ లోపల పెట్టేసేదట. నేను అత్తగారి పేరు రాయమన్నప్పుడు సరేనంది కానీ, ఆ రోజు బాత్రూంలో ఏడ్చిందట. "అత్తయ్య ఆ కాగితాలు నా చేతిలోంచి లాక్కున్నప్పుడు, ఎంచుకునే పని నాకు తప్పిపోయిందమ్మా" అంది. నాకు గుండె పెట్టించినందుకు మీకు ఎలాగూ రుణపడ్డాను అక్కయ్యా. నా కూతురి గుండె మీదనుంచి ఆ బరువు తీసినందుకు ఏం చెప్పాలో తెలియటం లేదు.

క్యారేజీలు శ్రీవల్లి తీసుకుంటానంది, ఫోనులో మాట్లాడాను. కనకయ్య మాస్టారి ఉప్పు సంగతి దానికి బోధించి రండి. మీ గదిలో నేను రెండో మంచం వేయించుకున్నాను, కిటికీ వైపుది మీకే ఉంచాను.

నాలుగో తారీకు పొద్దున మీరిక్కడ దిగాలని ఇంద్రజ టిక్కెట్టు తీసింది. వయసు దగ్గర డెబ్భై అని వేసింది. కోప్పడకండి, లోయర్ బెర్తు వచ్చింది.

ఇట్లు
మీ చెల్లెలు
లలిత